పరికరం పైన, నేను కింద

ఈ సంగతి మా ఆయనకు కూడా తెలియదు. ఒక కుర్రాడి టీవీ షో ఆగిపోవడంలో నా చెయ్యి ఉంది. ఇన్నేళ్ళుగా మోస్తున్నాను, ఇక మీకు చెప్పేస్తాను.

కెనడాలో, మా బ్రాంప్టన్‌లో ఏ బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే ఉన్న రోజులవి. మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న భార్గవ్ ఇక్కడి చానల్‌కి తెలుగు షో తీసేవాడు. వారానికొక స్టూడెంట్ తను వండుకున్నది తింటూ ఆ రోజు ఎలా గడిచిందో చెప్పడం, అంతే. అదే సమయానికి వేరే చానల్లో మా స్నేహితురాలు సుజాత నడిపే పాటల పోటీ వచ్చేది. అందులో మా అమ్మాయి పాడేది.

అప్పుడే రేటింగులు లెక్కగట్టేవాళ్ళు మా ఇంటిని ఎంచుకుని, నడుముకు తగిలించుకునే చిన్న పరికరం ఇచ్చారు. దగ్గర్లో మోగే టీవీ శబ్దాన్ని బట్టి మనం ఏం చూస్తున్నామో అది కనిపెడుతుంది. నేనేం చేశానంటే, హాల్లో పాటల పోటీ పెట్టి, పరికరాన్ని సోఫా మీద వదిలి, కిందికి వెళ్ళి అక్కడి స్టూడెంట్ పిల్లలతో కలిసి భార్గవ్ షో చూసేదాన్ని. మన పిల్ల పాడుతుంటే మన ఇంటి లెక్క ఇంకొకరికి పోతుందా? అప్పుడు అది తప్పనిపించలేదు. ఒక వారం పెరుగన్నం తింటూ ఒకమ్మాయి, వేర్‌హౌస్‌లో తనను ఎవరూ పేరుతో పిలవరని చెప్పింది. నాకు ఏడుపొచ్చింది. మా అమ్మాయి పాటకు కూడా అలా ఏడవలేదు.

రేటింగులు లేవని షో ఆపేశారు. భార్గవ్ మెట్ల మీద కూర్చున్నాడు.

"మీరు ప్రతివారం చూస్తరు గదా ఆంటీ. మీ లెక్క చూసేటోళ్ళు ఇంకెవ్వరు లేరా?"

"మంచి షోలకి రేటింగులు రావు నాన్నా," అన్నాను.

ఎంత తేలిగ్గా అనేశాను! ఒక్క ఇంటితో ఏమవుతుందని సర్దిచెప్పుకున్నాను కానీ, ఆ పరికరం ఉన్న తెలుగు ఇళ్ళు ఎన్ని ఉంటాయి? మా ఒక్క ఇల్లే ఎన్నో ఇళ్ళకు లెక్క కదా.

మొన్న ఒక పెళ్ళిలో భార్గవ్ కనిపించాడు. ఇప్పుడు సుజాత దగ్గరే పాటల పోటీలు తీస్తున్నాడు. కొత్త పిల్లలెవరైనా మంచి షో తీద్దామని వస్తే, నేను చెప్పిన మాటే వాళ్ళకూ చెప్పి పంపేస్తున్నాడట. నవ్వుతూ చెప్పాడు. నేను సిగ్గుపడి భోజనాల వైపు నడిచాను.

అప్పుడు అనలేనిది ఇక్కడ అంటున్నాను. అది అబద్ధం భార్గవ్. నీ షోకి చూసేవాళ్ళున్నారు. నన్ను నేనే లెక్కలోకి రానివ్వలేదు.