గౌసియా బీ స్పూను

ఎదుటివాళ్ల టిఫిన్ బాక్సు మూత తెరుచుకుంటే గౌసియా బీ చెయ్యి ఊరుకోదు. పెళ్లిలో నిండు విస్తరి ముందున్నా, పక్క విస్తట్లో ఏముందో రుచి చూడందే ఆమెకు ముద్ద దిగదు. అందుకే రొండిన ఎప్పుడూ ఒక స్టీలు స్పూను దోపుకుని తిరిగేది.

అలాంటి మనిషిని తీసుకెళ్లి పిల్లల మధ్య వదిలాడు హెడ్మాస్టరు యోగానంద. పలమనేరు పక్కన ఆమెకు టమోటా తోట, ఆవులు ఉన్నాయి. "మా బడి పిలకాయలకి సేద్యం గురించి నాలుగు ముక్కలు చెప్పమ్మా. వారానికొక తూరి వస్తే చాలు. జీతమైతే ఇయ్యలేం" అన్నాడాయన. జీతం అడిగిందెవరు? మొదట్లో శనివారం శనివారం వచ్చింది. తర్వాత రోజూ రావడం మొదలుపెట్టింది. అదీ సరిగ్గా అన్నం బెల్లు కొట్టే వేళకి!

పాఠం మాత్రం బాగానే చెప్పేది. బడి పెరట్లో వేసిన శనక్కాయలు కోసుకురమ్మంటే, పిల్లలు కొమ్మకొమ్మా వెతికి "ఒక్క కాయా లేదు, ఎవురో ఎత్తకపోయినారవ్వా!" అంటూ వచ్చారు. ఆమె ఒక చెట్టు పెరికి వేళ్లకు వేలాడే కాయలు చూపిస్తే అందరూ నోళ్లు తెరిచారు. ఆ నోళ్లు మూతపడేలోపే స్పూను బయటికొచ్చింది.

"రూపేషూ, నీ బాక్సు ఇట్లా చూపించు." బంగాళదుంప కూర, టమోటా పచ్చడి కలిపి ఒక స్పూను నోట్లోకి. "ఈ ఉర్లగడ్డ ఈ నేలది కాదబ్బా, లారీ ఎక్కి వచ్చిండాది. ఊరిబిండిలో టమోటా మాత్రం మనదే. తోలు మందం సూడు, దూరం పోయే కాయ!"

ఈ సంగతి రూపేష్ ఇంటికెళ్లి వాళ్లవ్వ చంద్రకాంతమ్మకు చెప్పాడు. పక్కింట్లో కుక్కరు కూస్తే లోపల ఏం ఉడుకుతోందో కనుక్కోందే నిద్రపోని మనిషి ఆమె.

"నా దాంట్లో ఒక స్పూనే అవ్వా. మునిప్రియ బాక్సయితే మమ్మల్ని తొంగి కూడా చూడనియ్యదు. మొత్తం లాక్కుంటాది!"

"మొత్తమా?"

"మొత్తం! 'నాకిదే కావాల, నువ్వు నా సంగటి తిను పో' అంటాది."

చంద్రకాంతమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. మూడో తరగతి పిల్ల! వాళ్లమ్మ తెల్లారకముందే టమోటా మార్కెట్టులో కాయలు ఏరడానికి పోతుంది. పోతూ పోతూ ఆమె ఏదో వండి పెడితే, దాన్నీ మింగేస్తోందా ఈ మహాతల్లి?

మర్నాడు బడిలో చంద్రకాంతమ్మ గొంతు రోడ్డు దాకా వినిపించింది. "సేద్యం నేర్పను వచ్చిందా సారూ, బిడ్డల కూడు దోచను వచ్చిందా?"

యోగానంద తల పట్టుకున్నాడు. "నువ్వే కళ్లారా చూడమ్మా. నిజమైతే రేపట్నుంచి రావద్దని నేనే చెప్పేస్తా."

బెల్లు కొట్టారు. వరండా మూల గౌసియా బీ అందరికీ వీపు పెట్టి కూర్చుంది. సగం తెరిచిన బాక్సులోకి స్పూను పోతోంది, నోటికి వస్తోంది. "ఆహా! పప్పంటే ఇదీ! మీయమ్మ చేతిలో ఏముండాదో గానీ!" పక్కనే మునిప్రియ సంగటి, కోడిగుడ్డు కూర తింటోంది.

చంద్రకాంతమ్మ పిల్లిలా వెనకనుంచి వచ్చి బాక్సు లాగేసింది.

లోపల ఏమీ లేదు. ఒక్క మెతుకు అంటిన జాడైనా లేదు. కడిగి తుడిచిన స్టీలు అడుగున ఆమె ముఖమే ఆమెకు కనిపించింది. తెల్లారకముందే పరుగెత్తే తల్లికి పొయ్యి వెలిగించే తీరికెక్కడిది? నలుగురూ చూసి నవ్వుతారని ఆ పిల్ల ఖాళీ బాక్సుకే మూత గట్టిగా బిగించి తెస్తోంది!

గౌసియా బీ మాత్రం ఇంకా నములుతూనే ఉంది. మునిప్రియ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆ పిల్ల కళ్లు చంద్రకాంతమ్మ పెదాల మీదే ఉన్నాయి.

"అవ్వా, ఏముండాది దాంట్లో?" రూపేష్ మెడ సాచాడు. వాడి వెనక బడి మొత్తం మెడ సాచింది.

"ఏమ్మా, నిజమేనా?" హెడ్మాస్టరు దగ్గరికొచ్చాడు.

బుద్ధెరిగినప్పట్నుంచి చంద్రకాంతమ్మ చూసిందేదీ కడుపులో దాచుకోలేదు. మాట నాలుక చివరికి వచ్చేసింది కూడా. గబుక్కున బాక్సును ఎదకు ఆనించుకుని చెయ్యి చాపింది.

"ఏమ్మే గౌసియా, ఆ స్పూను ఇట్లియ్యి."

ఖాళీ బాక్సులో స్పూను ముంచి, నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని నిదానంగా నమిలింది.

"పప్పు బాగుండాది సారూ. కాకపోతే పెద్దోళ్ల కారం, పిలకాయలు తినలేరు. గౌసియా తినేదే మేలు. రోజూ రానీ." మళ్లీ ఒకసారి చప్పరించింది. "ఉప్పే రవ్వంత తగ్గింది."

గౌసియా బీ చప్పున స్పూను లాక్కుంది. "ఉప్పు తగ్గిందా? నీ నాలుకే చెడిపోయుండాది అక్కా! నాకు సరిగ్గా సరిపోయింది!"

లేని పప్పులో ఉప్పు గురించి ఇద్దరూ మళ్లీ బెల్లు కొట్టేదాకా పోట్లాడుకున్నారు. చివరికి మునిప్రియే ముద్ద మింగి ఆ తగువు తీర్చింది.

"రేపు మాయమ్మను సరిగ్గా వెయ్యమంటాలే అవ్వా!"