జెండా చెయ్యి

ఆ ఊళ్ళో "జెండాగాడు" అన్నది తిట్టు. కరెంటు పోతే జెండాగాడు పీకేశాడనేవారు. కళ్ళముందే బస్సు కదిలిపోతే డ్రైవరు జెండాగాడయ్యేవాడు. ఒక్క మార్కులో పరీక్ష తప్పిన పిల్ల తల్లి, పేపరు దిద్దిన పంతుల్ని ఆ మాటతోనే దీవించేది. పందొమ్మిదేళ్ళ కిందట ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్లో, సరిగ్గా ఆఖరి నిమిషంలో, తమ జట్టు కొట్టిన గోలు, ఆటగాడు పాసు రాకముందే ముందుకెళ్ళిన ఆఫ్‌సైడు కనక చెల్లదంటూ జెండా ఎత్తిన లైన్స్‌మన్ మీద ఆ ఊరు దాచుకున్న కసి అది. ఆ మనిషి పేరు ఎవరికీ గుర్తులేదు. గుబురు మీసంతో ఉన్న అతని ఫోటో మాత్రం, పేపర్లోంచి కత్తిరించి ఫ్రేము కట్టింది, చౌరస్తా బేకరీలో గల్లాపెట్టె పైన వేలాడుతూ ఉండేది.

ఆ జెండాగాడు ఆ ఊళ్ళోనే, పోస్టాఫీసు వెనక సందులో, ఎనిమిదేళ్ళుగా బట్టలు కుట్టుకుంటూ బతుకుతున్నాడు.

కోరి వచ్చి పడలేదు. ఫైనల్ అయిన నెలకే లైన్స్‌మన్ పని మానేశాడు. మీసం తీసేశాడు. చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకున్న కుట్టుపని పట్టుకుని ఊరు మారాడు. అక్కడెవరో "మిమ్మల్నెక్కడో చూశానండీ" అన్నారు. ఇంకో ఊరు మారాడు. మారిన ప్రతిసారీ, నీళ్ళ బోర్డు ఆఫీసులో పనిచేసే భార్య పైవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి బదిలీ చేయించుకునేది. మూడోసారి అడక్కుండానే బదిలీ వచ్చింది. పోయి పోయి ఆ ఊరికే వచ్చింది.

"ఇదే ఆఖరండీ. నేనింక సామాను కట్టను. ఇక్కడ గనక బయటపడిందా, వెళ్ళేది మీరొక్కరే" అందావిడ, ఇంట్లో పాలు పొంగించిన రోజునే. అన్నమాట ప్రకారం నడిచే మనిషి. అట్టపెట్టెలు కూడా పాతపేపర్లవాడికి ఇచ్చేసింది.

ధైర్యం సంగతికొస్తే, మాస్టారు సూదిలో దారం ఎక్కించడానికి తప్ప దేనికీ ధైర్యం చేసిన మనిషి కాదు. ఊళ్ళో అందరూ ఆయన్ని టైలరు మాస్టారనే పిలిచేవారు. మనిషి మంచివాడు, కాలరు బాగా కూర్చుతాడు, ఫుట్‌బాల్ అంటే గిట్టదు పాపం, అనుకునేవారు. మ్యాచ్ ఉన్న రోజున సందులోంచి జనం అరుస్తూ వెళ్తుంటే షట్టరు సగానికి దించి కూర్చునేవాడు. పై అరలోని గుడ్డల తానులు ఎడమ చేత్తోనే తీసేవాడు. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేస్తే చాలు, ఎవరో ఒకరు కేకేస్తారని భయం. చొక్కా ఆలస్యమైతే గిరాకీలు "ఏంటి మాస్టారూ, జెండాగాడిలా చివర్లో చేతులెత్తేశారు?" అని వేళాకోళమాడేవారు. ఆయన కూడా నవ్వేవాడు. నవ్వాక మిషను తొక్కబోతే కాలు ఆడేది కాదు.

మూడేళ్ళ కిందట బస్టాండులో ఎవరో పొరుగూరి మనిషిని, మొహం ఆ ఫోటోలో లాగే ఉందని, పదిమంది పట్టుకున్నారు. ఆ మనిషి గుర్తింపు కార్డు చూపించి ఏడ్చేసరికి వదిలేశారు. కాలరు అప్పటికే భుజం దాకా చిరిగిపోయింది. ఎవరో దారి చూపిస్తే ఆ మనిషి మాస్టారి షాపుకే వచ్చాడు. మాస్టారు కాలరు విప్పి, లోపల గట్టి గుడ్డ వేసి, మళ్ళీ కుట్టి ఇచ్చాడు. కుడుతున్నంతసేపూ అవతల బల్ల మీద బనీనుతో కూర్చున్న ఆ మనిషి మెడ మీది గోళ్ళ గీతలు కనబడుతూనే ఉన్నాయి. అవి తన మెడ మీద పడాల్సినవి. ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆ సోమవారం పొద్దున్న బేకరీ ఆయన వచ్చాడు. ఆయనే అభిమానుల సంఘానికి పెద్ద. మనిషిది భారీ విగ్రహం, గొంతు ఇంకా భారీ.

"మాస్టారూ! మీకో గొప్ప పని తెచ్చా. ఆదివారం మన పాత జట్టుకి సన్మానం. తొమ్మిదో నంబరు వస్తున్నాడు!"

మాస్టారి చేతిలో కత్తెర గుడ్డలోనే ఆగిపోయింది. తొమ్మిదో నంబరంటే ఆ గోలు కొట్టినవాడు.

"ఎక్కడో రేవులో, గోడౌన్లో లారీల్లోంచి సరుకు దింపే పని చేసుకుంటున్నాడట. ఒక్క మంచి కోటు లేదట పాపం. శనివారానికల్లా మీరు కుట్టాలి. బుధవారం నేనే తీసుకొస్తా, కొలతలు తీసుకుందురుగాని. అన్నట్టు, మీరెప్పుడైనా చూశారా అతన్ని?"

"లేదండీ" అన్నాడు మాస్టారు.

చూడకపోవడమేమిటి! ఆ రోజు గోలు కొట్టేశానని గంతులేస్తున్న తొమ్మిదో నంబరు, రిఫరీ విజిల్ విని, తిన్నగా లైన్స్‌మన్ దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. తిట్టలేదు. "ముందుకెళ్ళానా?" అని అడిగాడు, అంతే. ఈ మొహాన్ని అంత దగ్గర నుంచి చూసినవాడు లోకంలో అతనొక్కడే. మీసం తీసేసినంత మాత్రాన కళ్ళు మారతాయా?

ఇంట్లో చెప్తే భార్య కూర తరగడం ఆపలేదు.

"జ్వరమని షాపు మూసేయండి."

"మూస్తే జ్వరం ఎలా ఉందో చూడ్డానికి బేకరీ ఆయన రొట్టె పట్టుకుని ఇంటికే వస్తాడు."

"అయితే తల దించుకుని కొలత తీసేయండి. నోరు విప్పకండి." కత్తిపీట పక్కకి జరిపింది. "ఒకటి చెప్పండి. ఆఫ్‌సైడయితే ఆఫ్‌సైడన్నారు. అది మీ పని. తప్పు చెయ్యని మనిషి ఇన్నేళ్ళు ఇలా వణికిపోవడం నాకస్సలు అర్థం కాదు. మా అక్కతో, మా ఆఫీసువాళ్ళతో, అందరితో అదే చెప్పాను. మా ఆయన కన్ను తప్పదు అని."

మాస్టారు సరేనన్నట్టు తలాడించి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఎందుకంటే ఆవిడకి కూడా ఆయన నిజం చెప్పలేదు.

లైన్స్‌మన్లకి మొట్టమొదట నేర్పే పాఠం ఒకటుంది. జెండా చేత్తో మొహం తుడుచుకోకూడదు. చెమట పట్టినా, ఈగ వాలినా, రెండో చెయ్యే వాడాలి. జెండా ఉన్న చెయ్యి కిందికే వేలాడాలి, లేస్తే రిఫరీకి సైగ ఇవ్వడానికే లేవాలి. ఆ పాఠం మాస్టారు తన తరవాత వచ్చిన పాతికమందికి నేర్పాడు కూడా. ఫైనల్లో ఆఖరి నిమిషంలో బంతి తొమ్మిదో నంబరుకి పాసు చేసినప్పుడు అతను అవతలి జట్టు ఆఖరి డిఫెండరుకి సరిసమానంగా ఉన్నాడు. ముందుకి లేడు. మాస్టారు స్పష్టంగా చూశాడు. అదే క్షణంలో కంట్లో చెమట పడింది. భగ్గున మండింది. జెండా చెయ్యి నుదుటి మీదికి వెళ్ళింది. సరిగ్గా అప్పుడే రిఫరీ ఇటు తిరిగాడు.

బంతి గోల్లో పడేసరికి విజిల్ మోగింది. నలభై వేలమంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. రిఫరీ పరిగెత్తుకొచ్చి "ఆఫ్‌సైడేనా?" అన్నాడు. "కాదండీ, చెమట తుడుచుకున్నాను" అనాలి. అంతే అనాలి. నలభై వేలమంది ముందు ఆ మాట అంటే ఏమవుతుందోనని గుండె జారిపోయింది. "అవును" అన్నాడు.

లంచం తిన్నాడన్నారు. గుడ్డివాడన్నారు. ఆ రెండింటిలో ఏదైనా నయమే. అసలు సంగతి, భయపడ్డాడు. ఇంకేం లేదు.

బుధవారం మధ్యాహ్నం తొమ్మిదో నంబరు వచ్చాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. "ఫరవాలేదు, వేసుకునే రండి" అంటే "ఏమనుకోకండి, దుమ్ము" అన్నాడు. బేకరీ ఆయన అతని భుజం మీద చెయ్యేసి, "మాస్టారూ, మా రాజుని మీ చేతుల్లో పెడుతున్నా. గ్యాసు బండి వచ్చే వేళయింది, దింపించుకుని పావుగంటలో వస్తా" అని వెళ్ళాడు.

మాస్టారు తల దించుకుని టేపు తీశాడు. నడుము కొలిచాడు, ఛాతీ కొలిచాడు. భుజాలు కొలవాలంటే వెనక నిలబడాలి కనక కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. అంకెలు రాస్తుంటే పెన్సిలు ములుకు రెండుసార్లు విరిగింది. తొమ్మిదో నంబరు గోడమీది అద్దంలోకి చూడటం లేదు. నేలకేసి చూస్తున్నాడు.

"ఈ కోటు నాకు తగదండీ" అన్నాడు ఉన్నట్టుండి.

"బట్ట మారుద్దామా?"

"బట్ట గురించి కాదు. సన్మానం. వీళ్ళు పిచ్చి అభిమానంతో గోలు దోచుకున్నారంటారు గాని, ఆ లైన్స్‌మన్ తప్పేం లేదు. నేను తొందరపడ్డాను. పాసు రాకముందే ఒక్క అడుగు ముందుకేసి ఉంటాను. లేకపోతే అంత సీనియరు ఎందుకు జెండా ఎత్తుతాడు? నేను మొహంలో మొహం పెట్టి అడిగాను కూడా. మారు మాట్లాడలేదు. తప్పు నాదని తెలిసినవాడిలా చూశాడు."

మాస్టారు కొలిచిన భుజాన్నే మళ్ళీ కొలిచాడు.

"ఆ ఒక్క అడుగు వల్లే ఊరంతా ఏడ్చింది. ఆ తరవాత బంతి వచ్చినా పరిగెత్తలేకపోయాను. కాళ్ళకి అనుమానం పట్టుకుంది. రెండో ఏడు జట్టులోంచి తీసేశారు. గోడౌన్లో పెద్ద పని ఇస్తామంటే వద్దన్నాను. మా ఆవిడ తిడుతూనే ఉంటుంది, నువ్వు ముందుకెళ్ళలేదు మొర్రో అని. దానికేం తెలుసండీ ఆట గురించి! ఆదివారం వీళ్ళందరి ముందూ నేనే చెప్పేద్దామనుకుంటున్నా, తప్పు నాదేనని. ఆ మనిషి ఎక్కడున్నాడో గాని, ఏ తప్పూ లేకుండా ఇన్నేళ్ళు తిట్లు తిన్నాడు."

ఊరంతటిలో తన పక్షాన మాట్లాడినవాడు ఒక్కడే దొరికాడు. వాడు ఇతను. నోరు మూసుకుంటే చాలు. ఆదివారం ఇతనే మైకు ముందు నిలబడి తప్పు నెత్తిన వేసుకుంటాడు. జెండాగాడు అన్న మాటే ఊళ్ళో చచ్చిపోతుంది. భార్య సామాను కట్టనక్కర్లేదు. షట్టరు దించుకోనక్కర్లేదు. ఊరికే నోరు మూసుకోవాలి.

"మీరు ముందుకెళ్ళలేదు" అన్నాడు మాస్టారు.

"మీరూ అదేనా?" తొమ్మిదో నంబరు చిన్నగా నవ్వాడు.

"కాదండీ. నేను చూశాను. మీ భుజమూ ఆ డిఫెండరు భుజమూ ఒకే వరసలో ఉన్నాయి. నేను... కంట్లో చెమట పడితే తుడుచుకున్నానండీ. ఈ చేత్తో. రిఫరీ అడిగితే భయపడి అవునన్నాను."

తొమ్మిదో నంబరు అప్పుడు తల ఎత్తాడు. చాలాసేపు కళ్ళలోకే చూశాడు. మాస్టారు దెబ్బ పడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే అతను స్టూలు మీద కూలబడి, రెండు మోకాళ్ళూ చేతుల్తో పట్టుకుని ఉన్నాడు.

"నేను వెళ్ళలేదా?" అన్నాడు.

"వెళ్ళలేదు."

"ఒట్టు?"

"ఒట్టండీ."

"ఊరందరికీ తెలుసు. నాకొక్కడికే తెలీలేదు" అని అతను మొహం చేతుల్లో దాచుకున్నాడు. మాస్టారికి ఏం చెయ్యాలో తెలీక నీళ్ళు తెచ్చి ఇచ్చాడు.

అంతలో గుమ్మంలో బేకరీ ఆయన గొంతు ఖంగుమంది. "అయిందా మాస్టారూ? ఏంటయ్యా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి?"

"నేను ఆఫ్‌సైడ్ కాదన్నా" అన్నాడు తొమ్మిదో నంబరు.

"ఓరి నీ! మేం పందొమ్మిదేళ్ళుగా మొత్తుకుంటున్నది అదే కదా! ఇవాళ కొత్తగా ఎవరు చెప్పారు నీకు?"

తొమ్మిదో నంబరు గ్లాసు బల్ల మీద పెట్టాడు. మాస్టారి వంక మాత్రం చూడలేదు. అతను చెప్పడు, చెప్పదలుచుకోలేదు. అది మాస్టారికి తెలుస్తూనే ఉంది. సందులో సైకిలు బెల్లు మోగింది. ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు.

"నేనే చెప్పానండీ" అన్నాడు మాస్టారు. బల్ల అంచు పట్టుకున్నాడు. భయం ఎక్కడికీ పోలేదు, ఆ భయంతోనే చెప్పాడు. "మీ బేకరీలో ఫోటో నాదే. నేను లంచం తినలేదు. అసలు జెండా ఎత్తనేలేదు. చెమట తుడుచుకున్నాను. అడిగితే కాదని చెప్పడానికి భయమేసింది."

బేకరీ ఆయన మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండిపోయింది, దాన్నేం చెయ్యాలో ఆయనకి తోచనట్టు. తరవాత ఒక్క ఊపున బల్ల మీంచి వంగి మాస్టారి కాలరు పట్టుకున్నాడు. గుండీ తెగి నేలమీద దొర్లింది.

"వదిలెయ్యన్నా" అని తొమ్మిదో నంబరు ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఈయన చెప్పకపోతే నేను ఇలాగే పోయేవాణ్ణి."

బేకరీ ఆయన వదల్లేదు. కొట్టనూ లేదు. పిడికిలి బిగించి అలాగే పట్టుకుని ఉండగా ఆయన కళ్ళు నీళ్ళతో నిండాయి.

"చెమటా?" అన్నాడు.