ఏరేటర్ పెట్టామండీ

ఆ రోజుల్లో నా చదువు పదో తరగతి గుమ్మం దాకా వెళ్లి, చెప్పులు విడిచి, లోపలికి అడుగుపెట్టకుండానే తిరిగొచ్చేసింది (చెప్పులు కూడా అక్కడే మర్చిపోయిందని మా నాన్నగారు అనేవారు). అలాంటి నేను పై చదువు చదివే డాక్టరుకి గురువునయ్యానంటే ఆ తప్పు నాది కాదు, ఏలూరు పక్కనున్న మెడికల్ కాలేజీది. క్రిటికల్ కేర్ చదువుకి విదేశీ విద్యార్థులు కావాలని వాళ్లొక రంగురంగుల పుస్తకం అచ్చేశారు. అందులో కొల్లేటి కొంగలున్నాయి, ఈతకొలను ఉంది (ఇప్పటికీ తవ్వలేదు). రోగులు తెలుగులో మాట్లాడతారన్న ముక్క మాత్రం లేదు. అది నమ్మి టాంజానియా నుంచి వచ్చిన డాక్టరుగారిని హాస్టల్ నుంచి ఐసీయూకి తీసుకెళ్లే వ్యాను డ్రైవర్ని నేను. భాష సంగతేమిటని ఆయన అడిగితే పెద్ద ప్రొఫెసరుగారు, "దార్లో డ్రైవరు నేర్పుతాడులెండి" అన్నారట. అలా నాకు ప్రొఫెసరు హోదా వచ్చింది, జీతం మాత్రం డ్రైవరుదే.

అంతకుముందు కైకలూరులో చేపల మేత కొట్లో పనిచేశాను కనుక నాకొచ్చిన తెలుగంతా చెరువు తెలుగే. "గురువుగారూ, వెంటిలేటర్ అంటే ఎలా చెప్పాలండీ?" అని ఆయన అడిగితే క్షణం ఆలోచించలేదు. "నీళ్లలో గాలి చాలక చేప పైకి తేలితే ఏరేటర్ తిప్పుతాం కదండీ, అదే అనండి. ఇక్కడ పసిపిల్లలకైనా అర్థమవుద్ది."

ఆ వారమే కైకలూరు చేపల రైతు ఒకాయన్ని న్యుమోనియాతో తెచ్చి వెంటిలేటర్ మీద పెట్టారు. డాక్టరుగారు నన్ను వెంటబెట్టుకుని బయటికొచ్చి, ఆయన భార్యకీ బావమరిదికీ దణ్ణం పెట్టి, "ఊపిరి చాలట్లేదండీ. ఏరేటర్ పెట్టామండీ. రేయింబవళ్లూ తిప్పుతున్నామండీ" అన్నారు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. బావమరిది ఫోను తీశాడు. "ఒరేయ్, కారు తీసుకురండ్రా. బావని ఇంటికి తీసుకెళ్లిపోతున్నాం."

"ఏవండీ, మిషను తీసేస్తే ఆయన ఏలూరు కూడా దాటరండీ!" అన్నాను.

"నువ్వుండవయ్యా! రేయింబవళ్లు తిప్పినా తేరుకోకపోతే ఇంక పట్టుబడేగా? పోయేలోపు సొంత గుమ్మం చూపించుకుంటాం."

అప్పుడు వెలిగింది నాకు. ఏరేటర్లు ఆపకుండా తిప్పుతున్నారంటే కొల్లేటి వాళ్ల లెక్కలో చెరువు చేజారినట్టే. చేప చచ్చేలోపు వల దింపి, ఐసు పెట్టి లారీలకెత్తేస్తారు, దాన్నే పట్టుబడి అంటారు. కొట్లో అన్నేళ్లు మేత తూచిన నాకు ఆ ముక్కే గుర్తు రాలేదు. నోరు తెరుచుకుని, తేలిన చేపలా నిలబడిపోయాను. డాక్టరుగారు మాత్రం ఆవిడ ముందుకెళ్లి, వ్యానులో నేర్చుకున్న మాటలన్నీ తడుముకుని, "అమ్మగారూ, పట్టుబడి వద్దండీ. ఆశ ఉందండీ. ఈ చేప ఇంకా పట్టే సైజుకి రాలేదండీ" అన్నారు (క్వింటాలు బరువున్న మనిషిని పట్టుకుని!).

ఏడుస్తున్న ఆవిడకి నవ్వొచ్చేసింది. "తమ్ముడూ, కారు వద్దని చెప్పు. డాక్టరుగారు ఇంకా పెంచుతారంట మీ బావని."

ఆ రైతుగారు కోలుకుని ఇంటికెళ్లారు. డాక్టరుగారు చదువు ముగించుకుని వాళ్ల దేశం వెళ్లారు. అక్కడెవరికైనా ఏరేటర్ పెట్టామండీ అంటున్నారేమోనని నాలో నేనే నవ్వుకుంటాను. వ్యానులో ఆ పక్క సీటు ఖాళీగా కనబడితే కాస్త దిగులుగానూ ఉంటుంది. మొన్నామధ్య కైకలూరు వెళ్లినప్పుడు ఆ రైతుగారి దగ్గర గొప్పలకి పోయాను. "బాబాయిగారూ, పదో తరగతి గడప దాటని నా తెలుగే మిమ్మల్ని బతికించిందండీ!"

ఆయన చెరువు గట్టు మీద నిలబడి నన్ను ఎగాదిగా చూశారు. "నువ్వు పదో తరగతి గుమ్మంలోనే ఆగిపోవడం నా అదృష్టంరా అబ్బాయ్. ఇంకో క్లాసు చదివుంటే నన్ను ఐసులో పెట్టి లారీ ఎక్కించేసేవాడివి."