రెండు సింగిల్ రిటర్నులు, ఒక పెళ్ళి

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, అమెరికాలో జార్జియా రాష్ట్రం కమ్మింగ్‌లోని ఒక చిన్న టాక్స్ ఆఫీసులో ఎన్‌రోల్డ్ ఏజెంటుగా నా ఎనిమిదో సీజను మొదలైంది. ఎన్‌రోల్డ్ ఏజెంటు అంటే మూడు పరీక్షలు పాసై, పన్నుల శాఖ ముందు క్లయింటు తరఫున మాట్లాడే హక్కు సంపాదించుకున్నవాడు. దానికి డిగ్రీ అడగరు. అడిగి ఉంటే, తొమ్మిదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టేసిన నేను ఇంకా గ్యాస్ స్టేషన్‌లో కాఫీ మిషన్ తుడుస్తూ ఉండేవాణ్ణి.

ఆ నెలలోనే కిరణ్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు వచ్చాడు. రిటర్నులో మొదట తేల్చాల్సింది ఫైలింగ్ స్టేటస్, అంటే పెళ్ళయినవాడా కానివాడా అని. అడిగాను.

"ఇంకా లేదంకుల్, మార్చిలో ముహూర్తం," అన్నాడు సిగ్గుపడుతూ.

శుభలేఖ పంపమని చెప్పి, సింగిల్ అని టిక్కు పెట్టి పంపించేశాను.

ఆ అక్టోబరులో భార్య శ్రావణితో మళ్ళీ వచ్చాడు. మూడు వారాల్లో ఇద్దరికీ గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ. ఆమె తెచ్చిన ఫైలు తెరిస్తే మ్యారేజ్ సర్టిఫికెట్ మీద అంతకుముందు డిసెంబరు తేదీ ఉంది. ఫిబ్రవరిలో నేను సింగిల్ అని పంపింది ఆ డిసెంబరుతో ముగిసిన ఏడాది రిటర్నే.

"ఏమయ్యా, మార్చిలో పెళ్ళన్నావు?"

"పెళ్ళి మార్చిలోనే అంకుల్. డిసెంబర్‌లో కోర్టులో సంతకాలు పెట్టామంతే. గ్రీన్‌కార్డ్ ఫైల్‌లో తన పేరు యాడ్ చేయాలని లాయర్ తొందరపెట్టాడు."

"తాళి కట్టకుండా పెళ్ళేంటి అనుకున్నాం," అంది శ్రావణి. "అప్పుడు నేను అరిజోనాలో, చాండ్లర్‌లో ఉన్నాను, నేనూ సింగిల్ అనే ఫైల్ చేశా. ఇప్పుడు ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర మొగుడూపెళ్ళాలం, టాక్స్ వాళ్ళ దగ్గర పెళ్ళికాని పిల్లలం. ఆఫీసర్ మాది దొంగ పెళ్ళి అంటే ఏం చెప్పాలంకుల్?"

పన్ను చట్టానికి ముహూర్తాలు పట్టవు. డిసెంబరు ముప్పై ఒకటిన చట్టప్రకారం పెళ్ళయి ఉంటే ఆ ఏడాదంతా పెళ్ళయినట్టే. కోర్టు సంగతి అడగకపోవడం నా తప్పు. ఆ మాట వాళ్ళతోనే చెప్పి పనిలో దిగాను.

సవరణకు 1040-ఎక్స్ అనే ఫారం ఉంది. మూడేళ్ళలోపయితే రెండు సింగిల్ రిటర్నులనూ ఒక ఉమ్మడి రిటర్నుగా మార్చుకోవచ్చు. ఇద్దరి జీతాల కాగితాలూ కలిపి, లెక్క తిరగకట్టి, ఇద్దరిచేతా సంతకాలు పెట్టించాను. జార్జియా, అరిజోనా రాష్ట్రాల రిటర్నులూ అలాగే దిద్దాను. సవరణకు కారణం రాసేచోట కిరణ్ పెళ్ళి తంతంతా చెప్పబోయాడు. జీలకర్ర బెల్లం వాళ్ళకెందుకయ్యా అని ఆపి, రెండే వాక్యాలు రాశాను: చట్టప్రకారం వివాహం డిసెంబరులో జరిగింది, సంప్రదాయ వివాహం తర్వాత జరిగినందున పొరపాటున సింగిల్ అని వేశాం.

శాఖ దాన్ని చూసేసరికి నెలలు పడుతుంది. అందుకని, అందినట్టు వచ్చిన రసీదుతో సహా ఒక కాపీ ఇంటర్వ్యూ ఫైలులో పెట్టించాను.

ఇంటర్వ్యూ అయిన మధ్యాహ్నం శ్రావణి ఫోన్ చేసింది. ఆఫీసర్ ఆ కాగితం చదివి, మరి యానివర్సరీ ఏ నెలలో చేసుకుంటారని అడిగాడట.

"మార్చి అని ఇద్దరం ఒకేసారి అన్నామంకుల్. నవ్వి అప్రూవ్ చేశాడు."

తప్పు చేసినవాడి దగ్గరికే దిద్దించుకోవడానికి వచ్చినందుకు వాళ్ళకు నేను రుణపడి ఉన్నాను. ఇంకో ఆఫీసుకు వెళ్ళి ఉంటే, రిటైరయ్యేదాకా అలాగే టిక్కులు పెట్టుకుంటూ పోయేవాణ్ణి. మనవాళ్ళు సగం చెబితే మిగతా సగం మనకే అర్థమైపోయిందనుకుంటాం. ఆ సగాన్ని కూడా నోరు తెరిచి అడగడమే మా పని.