చెరిపేసిన వెంట్రుక

మనౌస్ నగర పరిశోధనశాలలో కుట్టని దోమల గదికి దోనా నజారే ఏడింటికే వస్తుంది. కర్రపెండలపు పిండితో చేసిన టపియోకా అట్టు సగం తిని, సగం పదింటికి దాచుకొని, చేతులు మూడుమార్లు కడుగుకొన్న పిదపగాని సూక్ష్మదర్శిని ముందు కూర్చోదు. నువ్వుగింజంత దోమను విడదీసి, తల, రెక్కలు, తోకకొన గాజుపలకపై అమర్చేటప్పుడు పెదవులు లోనికి ముడుచుకుంటుంది. పిమ్మట చూచినది చూచినట్లు పెన్సిలుతో గీస్తుంది. ఒక కాలు మాత్రం డీఎన్‌ఏ పరీక్షలు చేసే ఎవెర్టన్‌కు పంపుతుంది. రియో నెగ్రో నదీతీరపు పసుపు దోమలన్నీ ఒకే జాతి అని ఇరవై రెండేళ్ల క్రితం తేల్చినది ఆమెయే. నేటికీ అందరికీ అదే ప్రమాణం.

ఒకనాడు జోరువానలో ఎవెర్టన్ ఒక కాగితంతో వచ్చి గుమ్మంలోనే నిలిచాడు. “దోనా నజారే, మీ పసుపు దోమలు ఒక జాతి కాదు, రెండు.”

“నీ యంత్రం పొద్దున కాఫీ తాగలేదేమో.”

“మూడుసార్లు చేశానండీ. మీరు అలిగినా ఇది మారదు.”

ఆమె పాత బొమ్మల పెట్టె దించి, నాటి బొమ్మను కిటికీ వెలుతురుకు వాల్చింది. మగదోమ తోకకొన పక్కన రబ్బరు రుద్దిన చోట సన్నని వెంట్రుక గీత ఆనవాలు కనిపించింది. ఆనాడామె ఆ వెంట్రుకను చూచింది, గీచింది. దోమజాతుల గ్రంథంలో లేదు గనుక నలుసనుకొని చెరిపివేసింది. నాటి గాజుపలక తెచ్చి చూడగా వెంట్రుక అక్కడే ఉన్నది; పక్క పలకల మీది మగదోమలకు లేదు.

“నీ రెండో జాతి ఇదిగో, వచ్చి చూడు” అన్నది.

“మరి దీనికి పేరేం పెడదామండీ?”

“పేరు తర్వాత. ముందు బొమ్మ సరిచెయ్యనీ.”

పెన్సిలు పక్కన పెట్టి, సిరాకలం అందుకొని, చెరిపిన గీత మీదనే మళ్లీ గీచింది.