ఇనుప మంచం మీద తేనె రంగు సంచి

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం చేతికి రాని రోజుల్లో, నాకు తెలివి కొంచెం ఎక్కువగా ఉండేది. మదనపల్లెలో కెమిస్ట్రీ చదివి పాసై, పుంగనూరులో తాత ఇంట్లో కూర్చుని, ఫోన్‌లో వీడియోలు చూస్తూ ఇంటిల్లిపాదికీ సలహాలు ఇవ్వడమే నా పని. పప్పు ఎందుకు ఉడకలేదో అవ్వకు చెప్పేదాన్ని. నలభై ఏళ్లుగా చెప్పులు కుడుతున్న తాతకు తోలు సంగతులు కూడా చెప్పేదాన్ని. ఆయన ఓపిగ్గా విని, "అట్లనా పాపా!" అని మళ్లీ తన పద్ధతిలోనే చేసుకునేవాడు.

అప్పుడే మా అత్తకు (తాత కూతురు, అప్పటికే కాలేజీకెళ్లే కొడుకున్న మనిషి) కుప్పం దగ్గర బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో అదే మొదటి సర్కారు ఉద్యోగం. మదనపల్లెలో ఒక అంగడి అద్దాల వెనక తేనె రంగు తోలు సంచి చూసి అత్త రెండుసార్లు ఆగిందనీ, రెండుసార్లూ ఏమీ అడగకుండా వచ్చేసిందనీ తాతకు ఎవరో చెప్పారు. ఆయన ఆ రోజే తంగేడు బెరడుతో పదును చేసిన మంచి తోలు తెచ్చి కత్తిరించడం మొదలుపెట్టాడు. "నీకు సంచులు కుట్టేది యాడ తెలుసు?" అని అవ్వ ఎగతాళి చేసింది. "ఇన్నేండ్లూ నా పని జనం కాళ్ల కింద ఉండాది. ఇదొగటన్నా మనిసి బుజం మింద ఉండనీ" అన్నాడు తాత. దానికి మాత్రం నేను సలహా ఇవ్వలేదు.

అత్త బయలుదేరడానికి ముందురోజు పొద్దున సంచికి రంగు పట్టించి, తడి తడిగా ఉన్నదాన్ని ఈతచాప మీద నీడన ఆరబెట్టి, తాత పనుండి రామసముద్రం పోయాడు. పోతూ పోతూ, "ఆరిందాకా కదిలిచ్చొద్దమ్మా" అని మరీ చెప్పాడు. నేను కాసేపు ఊరుకున్నాను. కానీ చాప మీద అడుగువైపు గాలి ఆడదు కదా! వీడియోలో వాళ్లు నాలుగు వైపులా గాలి తగిలేలా ఆరబెట్టారు కదా! పంచలో ఇనుప పట్టీల పాత మంచం ఉంది. సంచిని దాని మీదికి మార్చి, నా తెలివికి నేనే మురిసిపోతూ టీ పెట్టుకోవడానికి లోపలికి పోయాను. గంట తర్వాత వచ్చి తిప్పి చూస్తే, తేనె రంగు మీద మంచం పట్టీలన్నీ నల్లగా అచ్చు పడి ఉన్నాయి. (తంగేడు తోలుకు తడి మీద ఇనుము తగిలితే నల్లబడుతుంది. ఈ ముక్క నా ప్రాక్టికల్ రికార్డులో కూడా ఉంది. పక్కమ్మాయి రికార్డు చూసి రాసుకున్నాను.) కంగారులో నిమ్మకాయ రుద్దాను. నలుపు కొంచెం పోయింది, దాంతో పాటు తేనె రంగూ పోయింది.

తాత వచ్చి సంచిని చూశాడు, మంచాన్ని చూశాడు, నన్ను చూశాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో! పెరట్లో, చెప్పులకు నల్ల రంగు వేయడానికి తుప్పు ముక్కలూ బెల్లం నీళ్లూ పులియబెట్టిన పాత కుండ ఒకటి ఉండేది. (ఆ వాసనకు వీధి కుక్కలు కూడా దారి మార్చుకునేవి.) అందులో గుడ్డ ముంచి రుద్దుతుంటే సంచి అంతా మా కళ్ల ముందే నల్లబడింది. అది ఆరాక ఆముదం పట్టించి, అంచులకు మైనం పూసి, గాజు సీసాతో పొద్దు గుంకేదాకా రుద్దాడు. మెరుపైతే వచ్చింది కానీ అవ్వ గోల మొదలైంది: "తొలినాడే నల్లది తగిలిచ్చుకోని పోతాదా పిల్ల?" చివరికి ఆమే సంచికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి శాంతించింది.

మర్నాడు బస్సుకు బయలుదేరుతూ అత్త సంచి చూసి, "తేనె రంగంటివే నాయనా?" అంది. "ఇనప మంచం మింద ఆరేసినా తల్లీ. వయసైపాయె, మర్సిపొయినా" అన్నాడు తాత. అంతటి పనివాడు తన పనికి తానే మచ్చ పెట్టుకున్నాడు. 'నేనే పెట్టాను' అనడానికి నేను నోరు తెరిచి, మళ్లీ మూసేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అత్త సంచి భుజానికి తగిలించుకుని వెళ్తుంటే తాత మలుపు దాకా ఆ భుజాన్నే చూస్తూ నిలబడ్డాడు.

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా అత్త సంచి చూపించి, "మా నాయన మతిమరుపు చూడండి" అని నవ్వేది. తాతా నవ్వేవాడు, నావైపు మాత్రం చూసేవాడు కాదు. తాత పోయిన మరుసటి ఏడు అత్త తన కొడుకు పెళ్లాానికి కూడా అదే కథ మొదలుపెడితే ఇక నావల్ల కాలేదు. "అత్తా, మంచం మింద పెట్టింది నేను" అన్నాను.

"తెలుసులేమే. నలబై ఏండ్లు తడి తోలుకు ఇనుము తగలనీని మనిసి, నా సంచికి తగలనిస్తాడా? ఒగ దినమన్నా నమ్మినానా నేను?"

"మరి అందరికీ యాల చెప్తాండావు?"

"నువ్వెప్పుడు నోరు తెరస్తావా అని."

ఇంట్లో అందరికీ తెలిసిన రహస్యాన్ని ఇన్నేళ్లూ భద్రంగా దాచింది నేనొక్కదాన్నే అన్నమాట. ఆ తెలివైన పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వే వస్తుంది. తాత ఉండగానే నోరు తెరిచి ఉంటే, ఆయన నావైపు చూసి నవ్వేవాడు.