డ్యూటీ దిగినవా?

మంచిర్యాల బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడది మందమర్రి. కూతురి కానుపు చూసుకుని వస్తూ, "నెల దినాల డ్యూటీ అయిపోయింది బిడ్డా," అని నవ్వారు. కోడలిది కుట్టుమిషన్ డ్యూటీ, కొడుకుది బొగ్గుబాయిలో రెండో షిఫ్టు డ్యూటీ. మందుల కంపెనీ పని మీద తిరిగే నాదీ డ్యూటీయేనట. మా తెనాలిలో ఈ మాటకి ఇంత చాకిరీ లేదు.

నాలుగు దాటగానే ఆమె భర్తకు ఫోన్ చేసి, "డ్యూటీ దిగినవా?" అని అడిగారు.

"ఆయనింకా ఉద్యోగం చేస్తున్నారా?" అన్నాను.

"ఏడి ఉద్యోగం! రిటైరై ఐదేండ్లాయె. మనుమరాలిని బడి నుంచి తోల్కచ్చుడే ఆయన డ్యూటీ."

"దానికి ఫోనెందుకండీ?"

"ముప్పై ఏండ్లు బాయిల పనిచేసిండు. ఆయన ఇంటికొచ్చేదాక వాకిట్లనే కూసునేదాన్ని. లోపలికి ఫోన్ లేకపాయె, ఎవల్ని అడగాలె? అప్పుడు అడగనిది గిప్పుడు అడుగుతున్న."

"ఆయనేమంటారు?"

"'దిగిన, చాయ్ తాగుతున్న' అంటడు. గంతే."

మందమర్రిలో బస్సు దిగుతూ, "నువ్వు గూడ డ్యూటీ దిగినంక ఇంటికి జర ఫోన్ చెయ్యి బిడ్డా," అన్నారు.

ఆ సాయంత్రం లాడ్జి నుంచి చేశాను. "ఏమైంది?" అని మా ఆవిడ కంగారుపడిపోయింది.